అయ్యగారు పూజలో ఉన్నారు

కరోనా తగ్గిన మరుసటి ఏడు వేసవిలో, బందరు నాటక సమాజం ప్రాంప్టరుగా నాకు పడిన ఆఖరి డ్యూటీ గిలకలదిండి హార్బరు దగ్గర పందిట్లో. ప్రాంప్టరంటే పక్కతెర చాటున నాటకం ప్రతి పట్టుకుని కూర్చుని, నటుడు తడబడితే తర్వాతి మాట అందించేవాడు. ప్రతిలో లేని మాట అందించకూడదు. బడిలో ఐదు దాటని నాకు చదువు చెప్పినవి ఆ ప్రతులే.

ఆడేది మా తాతల కాలం నాటి ప్రహసనం. ఊరిపెద్దను కలవాలని జనం వస్తూ ఉంటారు. గుమాస్తా ఒక్కొక్కరినీ "అయ్యగారు పూజలో ఉన్నారండీ. ఆ బల్ల మీద కూర్చోండి" అని ఆపేస్తుంటాడు. మూడో రంగానికి బల్ల నిండిపోతుంది.

డైరెక్టరు రమేష్‌కు దాని మీద నమ్మకం లేదు. "ఈ రోజుల్లో పూజలేంటి బాబాయ్? మీటింగ్‌లో ఉన్నారందాం. రెండు సెల్‌ఫోను జోకులు కలుపుదాం. ఈసారి కూడా జనం లేచిపోతే సమాజం మూసుకోవడమే" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒక్క మాట మారినా ప్రతి ముట్టుకోనన్నాను. గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

ముఖ్య అతిథి సాయంత్రానికే రావాలి. "సార్ దారిలో ఉన్నారు" అని మమ్మల్ని పిలిచిన కమిటీవాళ్లు మైకులో చెప్పిందే చెప్పారు. చూసి చూసి ఆట మొదలెట్టాం. మూడో రంగం మంచి పాకాన ఉండగా కారొచ్చింది. మా రంగస్థలానికి పట్టిన చీడ ఇదే! అతిథి ఎప్పుడు దిగితే అప్పుడు ఆట ఆపి శాలువా కప్పాలట. ఆగిన పద్యం మళ్లీ ఎత్తుకోవచ్చు. ఆగిన నవ్వును ఎవడు ఎత్తుకోగలడు?

"తెర దించండయ్యా!" అని కమిటీ సెక్రటరీ కేకేశాడు. రమేష్ తాడు పట్టుకున్నాడు. దించావంటే ఊరుకోనని చెయ్యి అడ్డం పెట్టాను. ఈలోగా అతిథి మెడలో దండతో నేరుగా స్టేజి ఎక్కేశారు.

గుమాస్తా వేషం మస్తాన్‌ది. ఆయన్ని చూసి బిగుసుకుపోయాడు. కళ్లు నా వైపు తిప్పాడు. ప్రతిలో తర్వాతి మాట ఏదో, అదే అందించాను.

మస్తాన్ చేతులు కట్టుకుని, "అయ్యగారు పూజలో ఉన్నారండీ. ఆ బల్ల మీద కూర్చోండి" అన్నాడు.

ముందు వరసలోంచి చేపలమ్మే ఆవిడ లేచింది. "కూచో బాబయ్యా, కూచో! ఇందాకట్నుంచీ నీకోసం మేం కూచోలేదా?"

గుంజలు కదిలేట్టు నవ్వారు. బల్ల మీది నటులు వేషాల్లోనే జరిగి చోటిచ్చారు. అతిథి కూర్చున్నారు, దిగిపోతే ఇంకా నవ్వుతారని తెలిసినట్టుంది. కాసేపటికి ఆయన కూడా నవ్వారు. మనస్ఫూర్తిగానో, తప్పకో నాకు తెలియదు. ఆట చివరిదాకా సాగింది. ఒక్కరూ లేవలేదు.

తర్వాత సెక్రటరీ, "మళ్లీ మిమ్మల్ని పిలిస్తే ఒట్టు" అని మా మీద పడ్డాడు. ఆయన పక్కనుంచే మొవ్వవాళ్లు వచ్చి, తమ ఊళ్లో వేయమని తాంబూలం ఇచ్చి వెళ్లారు. సమాజం ఈనాటికీ నడుస్తోంది.

నాకు తెలిసింది ఇంతే. పాత హాస్యం పాతబడాలంటే అది వెక్కిరించిన అలవాటు ముందు పోవాలి. అది పోయేదాకా మాటలు మార్చే పని లేదు. తెర దించకుండా కాపలా కాస్తే చాలు.