మహిళా బిల్లు ఆగిన వారం

చట్టసభల్లో ఆడవాళ్ళకు మూడో వంతు సీట్లిచ్చే బిల్లు పార్లమెంటులో మరోసారి ఆగిపోయిన వారం అది. పలాసలో పాసింజరెక్కితే, ఢిల్లీ ధర్నా నుంచి తిరిగొస్తున్న ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. నినాదాలిచ్చి ఆవిడ గొంతు బొంగురుపోయింది.

ఎదుటి సీటాయన నవ్వాడు. "ఏటమ్మా, మల్లీ ఆపీసినారట గదా?"

"ఆపితే ఏటి బాబూ? మల్లీ ఎల్తాం," అందావిడ, కోపం లేకుండా. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వేటి సేత్తన్నావమ్మా?"

"మా ఊరి సర్పంచినండి. మీటింగులకి మా ఆయనెల్తారు. నా కుర్సీలో ఆయనే కూకుంటారు," అన్నాను మామూలుగా.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "అక్కడ కుర్సీల్లేక మేం దెబ్బలాడతన్నాం తల్లీ. నీకుంది గదా, ఎల్లి కూకో." తను నౌపడలో దిగేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాతి మీటింగుకి నేనే ముందెళ్ళి కూర్చున్నాను. మా ఆయన కాసేపు గుమ్మంలో నిలబడి, చివరికి వెనక బెంచీ మీద కూర్చున్నారు. ఊరికి మంచినీటి కొళాయిలు కావాలని తీర్మానం పెట్టించాను.

బిల్లు ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఆగుతూనే ఉంది. మా ఊరికి కొళాయిలు మాత్రం మరుసటి వేసవికే వచ్చాయి. ఆవిడ పేరైనా నేను అడగలేదు. బిందె నిండుతుండగా ఎన్నోసార్లు ఆవిడకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.