నా మొహం మీద పడిన తలుపు

ఈ రోజు ఆళ్లగడ్డలో రూతు నా మొహం మీదే తలుపు వేసింది.

ఇల్లూ వాకిలీ లేని పిల్లలకు ఒక దారి చూపించడం నా ఉద్యోగం. నంద్యాల రైల్వే స్టేషన్లో పడుకునే రోజుల నుంచీ రూతు నాకు తెలుసు. ఇప్పుడు కుట్టుపనిలో కుదురుకుని, తన సంపాదనతోనే ఒక గది అద్దెకు తీసుకుంది. చూసొద్దామని మధ్యాహ్నం బస్సు దిగి వెళ్లాను. తలుపు తెరిచే ఉంది. లోపలికి అడుగు పెట్టబోతుంటే "ఉండక్కా" అని తలుపు మూసి గడియ పెట్టేసుకుంది!

"ఏందిమే ఇది? ఎండకు మాడిపోతాండా ఈడ!" అని అరిచాను.

"తలుపు కొట్టక్కా" అంది లోపలి నుంచి.

కొట్టాను.

"ఎవురూ?"

"నేనే, మీ అక్కను!"

అప్పుడు గడియ తీసింది. మొహమంతా నవ్వు, కళ్లలో నీళ్లు.

"స్టేషన్లో నన్నడిగి ఎవురొచ్చినారక్కా? ఈడ నేను గడియ తీస్తేనే రావల్ల."

మా పిల్లలకు గది అడగబోతే మొహం మీద తలుపు వేసినవాళ్లు నాకు కొత్త కాదు. దండం పెట్టుకోవాలనిపించిన తలుపు మాత్రం ఇదొక్కటే.

ఇంతకీ కాలింగ్ బెల్ మోగితే మీరూ విసుక్కుంటారా? నేను విసుక్కునేదాన్ని, నిన్నటిదాకా.