అత్త పంపని కాగితాలు

మా మేనత్త పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. చేరి పంతొమ్మిదేళ్ళయింది. ఆసుపత్రి వెనక, వంటగది పొగగొట్టానికీ శవాల గదికీ మధ్య ఉంటుంది ఆ షెడ్డు. లోపల రెండు పెద్ద ఉతికే యంత్రాలు, ఒక ఇస్త్రీ రోలరు, గోడ పొడుగునా చెక్క బల్లలు. ఆవిరికి కిటికీ అద్దాలు ఎప్పుడూ చెమటలు కారుతుంటాయి. అత్తది మడతల పని. దుప్పటి విదిలించి, వెలుగుకెత్తి చూసి, మడతపెట్టి, ఇరవై చొప్పున కట్ట కడుతుంది. కట్టలో చిరుగో, వదలని మరకో ఉంటే చీటీ రాసి తాడుకి గుచ్చుతుంది. ఏమీ లేకపోతే చీటీ ఉండదు. చెప్పాల్సింది ఉంటేనే కాగితం వాడాలని చేరిన మొదటిరోజే సూపర్‌వైజరు చెప్పాడట. ఈ చిన్న పద్ధతి ఆవిడ చేత ఎంత పెద్ద తప్పు చేయించిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆసుపత్రి ప్రహరీ దాటితే కాలువ. ఏడేళ్ళ కిందట ఒక పొద్దున డ్యూటీకి పోతూ అత్త అందులో ఒక నీటికుక్కని చూసింది. వెల్లకిలా తేలుతూ, పొట్ట మీద చేపని పెట్టుకుని తింటోందట. ఆ వారంలోనే వన్యప్రాణుల ఆఫీసు వాళ్ళు ఆసుపత్రి గేటుకి ఒక ప్రకటన అంటించారు. కాలువలో నీటికుక్కల మీద ఓ కన్నేసి ఉంచడానికి జీతం లేకుండా పనిచేసే మనుషులు కావాలని. జీతం లేని మనుషులకి మన వీధిలో కరువేముందని నేను నవ్వాను. అత్త మాత్రం వెళ్ళి పేరిచ్చి వచ్చింది.

పని ఇదీ. ప్రతి గురువారం పొద్దున వంతెన నుంచి తూము దాకా గట్టు వెంట నడవాలి. నీటి అంచున పదకొండు రాళ్ళున్నాయి. వాటికి ఆఫీసు వాళ్ళు తెల్లరంగుతో అంకెలు వేశారు. నీటికుక్క మనిషికి కనపడటం అరుదు, దాని పెంట కనపడుతుంది. తన హద్దు చెప్పుకోవడానికి రాళ్ళ మీద వేసి పోతుంది. నల్లగా, చేప పొలుసులతో, సన్నటి ముళ్ళతో ఉంటుంది. ఏ రాయి మీద తాజాది ఉందో కాగితం మీద రాసి ఆఫీసులో ఇవ్వాలి. అంతే.

"లోకంలో ఆడవాళ్ళు పొద్దున్నే లేచి మొగుడి మొహం చూస్తారు. మా ఆవిడ పెంట చూస్తుంది" అనేవాడు బస్సు డ్రైవరుగా చేసే మా మావయ్య.

"రెండింటికీ పెద్ద తేడా ఉంటే కదా" అనేది అత్త, చెప్పులేసుకుంటూ.

వీధిలో ఆవిడకి కుక్కలమ్మ అని పేరొచ్చింది. ఎవరింట్లో కుక్క తప్పిపోయినా మా తలుపే కొట్టేవాళ్ళు. ఆవిడ విసుక్కోకుండా వెతికిపెట్టేది.

కొన్ని గురువారాలు ఏ రాయి మీదా ఏమీ ఉండేది కాదు. అలాంటప్పుడు అత్త శుక్రవారం మళ్ళీ వెళ్ళేది. అప్పటికీ లేకపోతే శనివారం. దొరికిన రోజున దొరికింది రాసి, అదే ఆ వారం కాగితంగా ఇచ్చేది. అసలు దొరక్కపోతే ఇచ్చేది కాదు. చెప్పడానికేమీ లేనప్పుడు కాగితమెందుకు? తర్వాత చేరిన మరో ఐదుగురికి కూడా పెద్దమనిషిగా ఆవిడే పని నేర్పింది. ఆ ఐదుగురూ అలాగే చేశారు. వాళ్ళలో వంతెన దగ్గర ఫోటో స్టూడియో నడిపే ఆయన ఒకడు. అత్తని సొంత అక్కలా చూసేవాడు. ఆఫీసు గుమస్తా వచ్చిన కాగితాలు ఫైల్లో పెట్టుకున్నాడు. రాని వారాల గురించి ఏడేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. అడగకపోవడం వాళ్ళ ఉద్యోగంలో భాగం.

చివరి రెండేళ్ళుగా ఒక గుర్తు దొరకడానికి నాలుగేసి రోజులు పట్టేది. "ఈమధ్య పాపం తగ్గిపోతున్నాయిరా" అని ఇంట్లో అనేది. ఆఫీసుకి పోయిన కాగితాల్లో మాత్రం నీటికుక్కలు ఎప్పటిలాగే నిక్షేపంగా ఉన్నాయి.

ఈ ఏడాది మొదట్లో కాలువ గట్టు జారిపోతోందనీ, వంతెన నుంచి తూము దాకా రాతి కట్టడం కడతామనీ ఇంజినీర్లు ప్లాను తెచ్చారు. నీటికుక్కలు బొరియలు చేసుకునేది సరిగ్గా అక్కడే, గట్టు మీది చెట్ల వేళ్ళ సందుల్లో. జంతువులకి ముప్పు ఉందని తేలితే గట్టు ముట్టుకోకూడదని నిబంధన. ఆ సంగతి తేల్చడానికి వన్యప్రాణుల ఆఫీసులో మీటింగు పెట్టి అత్తనీ, స్టూడియో ఆయన్నీ పిలిచారు. ఆఫీసులంటే బెదురని అత్త నన్ను వెంట రమ్మంది.

ఇంజినీరు నెమ్మదస్తుడు. అరవలేదు, బల్ల గుద్దలేదు. అత్త కాగితాల కట్ట ముందు పెట్టుకుని ఒక్కొక్కటే తిరగేస్తూ, మీటింగు నడిపే ఆఫీసరమ్మతో మాట్లాడాడు.

"ఏడేళ్ళ కాగితాలు మేడమ్. ఇందులో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి ఖాళీగా లేదు. ఎప్పుడు వెళ్ళినా గుర్తులు దొరికాయి. ఇంత దిట్టంగా ఉన్న జంతువులకి మా రెండు నెలల పని ఏం లెక్క? ఇది నేనంటున్నది కాదు, ఈ అమ్మగారు రాసిందే."

అత్త వైపు చూశాను. కుర్చీ చేతులు పట్టుకుని లేచింది.

"ఖాళీవి ఇవ్వలేదండీ" అంది.

ఆఫీసరమ్మ తలెత్తింది. "అంటే?"

"ఏమీ లేని వారం కాగితం ఇవ్వలేదు. దొరికేదాకా తిరిగి, దొరికాకే రాశాను."

"అక్కా, కూర్చో" అని స్టూడియో ఆయన చెయ్యి పట్టి లాగాడు.

"ఎన్ని వారాలు ఖాళీ?" అంది ఆఫీసరమ్మ.

"రాసుకోలేదండీ. ఏమీ లేనిదాన్ని రాసుకుంటారని నాకు తెలీదు."

ఆఫీసరమ్మ చెడ్డది కాదు. కాగితాల కట్ట తన వైపు లాక్కుని పక్కన పెట్టింది. ఆ తర్వాత చెప్పిన మాట ఇది. పాత కాగితాలేవీ చెల్లవు. ఆరు గురువారాలు ఆఫీసు గార్డుని తోడిచ్చి, అత్త చేత రాళ్ళు కొత్తగా చూయిస్తారు. ఆరింటిలో ఒక్కసారి తాజా గుర్తు దొరికినా ఏడాదిపాటు గట్టు జోలికి పోరు, ఈలోగా నిపుణులు వచ్చి లెక్క తీస్తారు. ఒక్కసారి కూడా దొరక్కపోతే అక్కడ జంతువులు లేనట్టే. పని మొదలవుతుంది.

మెట్లు దిగుతుంటే స్టూడియో ఆయన ఉండబట్టలేకపోయాడు. "ఏడేళ్ళ పని ఏడు మాటల్లో కాల్చేశావక్కా."

"తప్పు రాశాం తమ్ముడూ."

"ఆ ఇంజినీరు కట్టించినవన్నీ సరిగ్గా ఉన్నాయేంటి? వాడెప్పుడైనా లేచి నిలబడి తప్పొప్పుకున్నాడా?"

మొదటి గురువారం ఏమీ లేదు. రెండోదీ అంతే. ప్రతిసారీ పదకొండు గడుల్లో పదకొండుసార్లు 'లేదు' అని రాయాలి. దుప్పట్ల మరకల గురించి పంతొమ్మిదేళ్ళు చీటీలు రాసిన చెయ్యి, ఆ మాట దగ్గరికొచ్చేసరికి సాగేది కాదట. మూడు, నాలుగు, ఐదు కూడా ఖాళీగానే పోయాయి. మావయ్య వేళాకోళాలు మానేశాడు. అత్త అన్నం కలిపి ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కూర్చునేది.

ఆరో గురువారం ఆవిడకి జ్వరం. వద్దంటే వినలేదు. మావయ్య డ్యూటీలో ఉన్నాడని మా అమ్మ నన్ను తోడు పంపింది. గట్టు మీద గార్డు ఎదురుచూస్తున్నాడు. యాభై ఏళ్ళ మనిషి. ఆ ఆరువారాల్లో అత్తంటే గౌరవం పెంచుకున్నవాడు. అత్త వాలకం చూసి, ఆ పూట రాసే కాగితం తనే అందుకున్నాడు. ముగ్గురం గట్టు వెంట నడిచాం. ఒకటి నుంచి ఎనిమిది దాకా రాళ్ళు కడిగిపెట్టినట్టున్నాయి.

తొమ్మిదో రాయి దగ్గర గార్డు కేక వేశాడు. "అమ్మా! దొరికింది! ఇదిగో!"

నల్లగా, తడిగా, వెలుగులో పొలుసులు మెరుస్తూ ఉంది. నిజం చెప్తున్నాను, ఆ జంతువుల్ని ఏడేళ్ళూ పట్టించుకోనివాణ్ణి, ఆ పూట దేవుడికి దణ్ణం పెడదామా అనిపించింది. గార్డు అప్పటికే పెన్ను తీశాడు.

అత్త మోకాళ్ళ మీద కూర్చుంది. పుల్లతో విరిచింది. వంగి వాసన చూసింది. మళ్ళీ చూసింది. తాజాదైతే పచ్చిచేప వాసనతోపాటు ఏదో తీపి కూడా తగులుతుందని మాకు వందసార్లు చెప్పి ఉంటుంది.

"పాతది" అంది.

"తడిగా ఉందిగా అమ్మా."

"తడి పైనే. లోపల పిండిలా రాలిపోతోంది చూడు. నెలల నాటిది. ఎవరో తడిపి తెచ్చి పెట్టారు."

గార్డు అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. "జ్వరంలో ముక్కు సరిగ్గా పనిచెయ్యదమ్మా. ఇంకోసారి చూడండి."

"చూశాను నాయనా."

"నాకు వాసనలు తెలీవు. మీరు తాజాదంటే తాజాదని రాస్తాను. నన్నెవరడుగుతారు? మిమ్మల్నెవరడుగుతారు?"

కాలువలో నీళ్ళు చప్పుడు లేకుండా పోతున్నాయి. అత్త గట్టు వాలు వైపు, చెట్ల వేళ్ళ సందుల్లోకి చూస్తూ ఉండిపోయింది. గార్డు పెన్ను కాగితానికి తాకించి పట్టుకునే ఉన్నాడు.

"లేదు అని రాయి" అంది చివరికి.

మిగిలిన రెండు రాళ్ళూ చూసింది. అక్కడా ఏమీ లేదు. అక్కణ్ణుంచి తిన్నగా స్టూడియోకి నడిచింది. ఆయన షట్టరు సగం ఎత్తి, లోపల స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూడగానే లేచాడు.

"దొరికిందా అక్కా?"

"నువ్వేగా పెట్టింది?"

ఆయన దాచలేదు. "నేనే. స్కూలు పిల్లలకి చూపిద్దామని డబ్బాలో దాచినవి. రాయించావా లేదా?"

"లేదు."

ఆయన మళ్ళీ స్టూలు మీద కూలబడ్డాడు. "ఆ గట్టులో ఇంకా రెండో మూడో మిగిలుంటాయక్కా. నువ్వూ నేనూ ఇద్దరం నమ్ముతున్నాం. అవునా కాదా?" అన్నాడు.

"అవును."

"మరి వాటికి కావాల్సింది నీ నిజమా, ఉండటానికి చోటా?"

"ఏడేళ్ళు తప్పు చేశాను. తెలీక చేశాను. ఇప్పుడు తెలిసి చెయ్యమంటున్నావు."

"అవును, చెయ్యమంటున్నాను. ఒక్కసారి. నీకోసం కాదు, వాటికోసం."

అత్త చెంగుతో మొహం తుడుచుకుంది. ఆయన గోడకేసి తిరిగి కూర్చున్నాడు. ఆనాటి నుంచీ ఎదురుపడినా ఆవిడతో మాట్లాడడు.

పదిరోజుల్లో యంత్రాలు వచ్చాయి. చెట్లు కొట్టారు, వేళ్ళు పెకలించారు, ఒక వరస రాళ్ళు పేర్చారు. లోపల ఏవైనా ఉన్నాయా అని తవ్వేవాళ్ళని అడిగాను. చూడలేదన్నారు. చూడటం వాళ్ళ పని కాదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక పొద్దున, అత్త డ్యూటీకి జడేసుకుంటుంటే వెళ్ళి అడిగేశాను. "నీ మంచితనం వల్ల ఎవరు బాగుపడ్డారత్తా? ఇంజినీరు బాగుపడ్డాడు."

"నువ్వైతే తాజాదని రాయించేవాడివి" అంది, అద్దంలోంచి నన్ను చూస్తూ.

"రాయించేవాణ్ణే. ఒక్క క్షణం ఆలోచించేవాణ్ణి కాదు."

"పక్కనే ఉన్నావుగా. గార్డు పెన్ను పట్టుకుని అంతసేపు ఆగాడు. ఒక్కమాట అనుంటే రాసేసేవాడు. మరి అనలేదేం?"

నేను చెప్పబోయాను. ఆవిడ ఎదురుచూసింది, నిజంగానే తెలుసుకోవాలని. అన్నీ తెలిసినవాణ్ణే, ఆ గట్టు మీద ఆ బరువంతా జ్వరంతో ఉన్న మనిషి మీదికి వదిలేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

అత్త జడ చివర రబ్బరు బిగించి, సంచీ భుజాన వేసుకుంది.

"ఆలోచించి సాయంత్రం చెప్పు" అంది. "ఆ జవాబు నాకూ కావాలి."

సాయంత్రం నేను ఇంటికి ఆలస్యంగా వెళ్ళాను.