అక్క కాలికి ఎంత బిగువు

మా అక్క కటింగ్ మాస్టరు. ఇరవై రెండేళ్లు బట్టల కంపెనీలో బల్ల ముందు నిలబడి గుడ్డ కత్తిరించింది. పోయినేడు లారీ ప్రమాదంలో మోకాలి కింద కాలు పోయింది. నెలాఖరు సోమవారానికి పెట్టుడు కాలితో నిలబడగలిగితే ఆ బల్ల అక్కదే, లేకపోతే ఇంకొకరికి. ఓనరు ముఖం మీదే చెప్పేశాడు.

ఈ కాలు తెలివైనదట! లోపల గాలిదిండ్లుంటాయి, వాటంతటవే బిగుస్తాయి, వదులవుతాయి. అక్కకి ఎంత బిగువు నచ్చుతుందో అదే నేర్చుకుంటుందట. తయారుచేసిన ఇంజినీరు పెద్ద పాఠమే చెప్పాడు.

"ఇష్టమంటే అవును, కాదు అని రెండే కాదండీ. కొంచెం, ఓ మోస్తరు, బాగా... మధ్యలో ఎన్నో ఉంటాయి. ఫజీ లాజిక్ అంటే అదే. ఎంత సుఖంగా ఉందో ఫోన్లో ఈ గీత మీద వేలు జరిపి చెప్పండి, సున్నా నుంచి ఒకటి దాకా."

వారం తిరిగేసరికి కాలు విప్పి చూస్తే చర్మమంతా కమిలిపోయింది. రెండు బొబ్బలు చితికి నెత్తురు! నాకు ఒళ్లు మండిపోయింది. అక్కను వెంటబెట్టుకెళ్లి ఇంజినీరును కడిగేశాను.

పాపం, ఆయన బిక్కమొహం వేసి లెక్కలు చూపించాడు. "అక్కగారు రోజూ సున్నా పాయింటు తొమ్మిదే పెట్టారండీ. ఆ బిగువే బాగా నచ్చిందనుకుని ప్రోగ్రాం అలాగే ఉంచేసింది."

"అదేంటక్కా! నొప్పెడుతుంటే బాగుందని ఎలా పెట్టావ్?"

"ఆయన అంత కష్టపడి చేశాడు కదే. ఫోన్లో చూసుకుంటాడాయె. బాలేదని ఎలా అంటాం?" అంది అక్క.

తల బాదుకున్నాను. ఫోన్లో గీత దగ్గర కూడా మొహమాటమా! ఇంట్లోనూ ఇదే వరస. నేను కూర మాడ్చినా బాగుందంటుంది. బావ తెచ్చిన చెప్పులు ఇరుకైనా అరిగేదాకా తొడుక్కుంది. ఈ మనిషితో వేగలేక చస్తున్నాను.

ఇంజినీరు పాత లెక్కలన్నీ చెరిపేశాడు. పుళ్లకు కట్టు కట్టించి, మళ్లీ కాలు తొడిగించి, "నేను బయట ఉంటానండీ. మీరెంత పెట్టారో నాకు కనబడదు కూడా. ఉన్నదున్నట్టు పెట్టండి" అని తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు.

గదిలో మేమిద్దరమే. దిండ్లు మెల్లగా బిగుసుకున్నాయి. అక్క పంటి బిగువున నిలబడి గీత మీద వేలు పెట్టింది.

"ఊఁ, కానీయ్! ఇంకా నాలుగు రోజులే ఉంది!" అని అరిచాను.

వేలు కదల్లేదు. అక్క భయంభయంగా నా మొహంలోకి చూసింది.

"ఎంత పెట్టమంటావే?" అంది.