మా చరిత్ర మేష్టారి పార్టీ

మొన్న ఇక్కడ అమెరికాలో, మోరిస్‌విల్‌లో రక్తపరీక్షకు వెళితే, నా చేతికి పట్టీ కట్టిన నర్సు మాటతీరు ఎప్పుడో విన్నట్టనిపించి ఏ ఊరని అడిగాను. పెళ్లయిన కొత్తలో ఆఫ్రికాలో నేను లెక్కలు చెప్పిన కొండ ఊరి పేరే చెప్పింది. మాటల్లో తేలింది, ఆమె మా బడిలో చరిత్ర చెప్పిన మేష్టారి చిన్నకూతురని.

మన తరంలో బీయెడ్ పట్టా పట్టుకుని అలాంటి దేశాలకు వెళ్లినవాళ్లు చాలామందే ఉంటారు. అక్కడి చలికి నాకు మొదటి కంబళి ఇచ్చింది ఆ మేష్టారే. ఆయన ఒక కమ్యూనిస్టు పార్టీలో ఉండేవారు. పార్టీ అంటే ఎంత, సభ్యులందరూ మా స్టాఫ్‌రూమ్‌లో పట్టేవారేమో. అయినా ప్రభుత్వానికి అది కంట్లో నలుసే. సాయంత్రాలు మా వరండాలో ఆయన గనికూలీల సంగతులు చెబుతుంటే, కృష్ణాజిల్లాలో మా పెదనాన్న కూలిరేట్ల కోసం జైలుకెళ్లిన రోజులు నేను చెప్పేవాణ్ణి. అందుకే కాబోలు, నన్ను తనవాడనుకున్నారు.

పార్టీని నిషేధించిన వారం ఆయన ఒక నోటుపుస్తకం తువాలులో చుట్టి తెచ్చారు. అందులో సభ్యుల పేర్లున్నాయి. నేను కాల్చేయమంటే, పార్టీకి మిగిలింది అదొక్కటేనన్నారు.

"మీరు పరాయి దేశంవారు, మీ ఇల్లు వెతకరు. రెండు వారాలు ఉంచండి."

లోపల నా భార్య నిండు నెలలతో ఉంది. నా ఉద్యోగపు పర్మిట్ రద్దు చేస్తారని, క్షమించమని అన్నాను. ఆయన టీ పూర్తిగా తాగి, నా భుజం తట్టి వెళ్లిపోయారు. మూడోనాడు పుస్తకం ఆయన ఇంట్లోనే దొరికింది. ఆయనతోపాటు అందులో పేరున్న అందరినీ పట్టుకుపోయారు. ఆ ఏడాదే మేమా దేశం విడిచిపెట్టాం.

నర్సు చెప్పింది, ఆయన ఆరేళ్లకు జైలునుంచి బయటికొచ్చారట, మళ్లీ ఏ బడిలోనూ చేర్చుకోలేదట, దగ్గుతో తీసుకుని తీసుకుని చనిపోయారట.

"ఆ పుస్తకం ఎవరింట్లోనైనా దాచమని అడగొచ్చుగా అని అమ్మ తను పోయేదాకా బాధపడింది," అంది నర్సు, దూది అదుముతూ. "నాన్నని ఎప్పుడడిగినా, తోచలేదు అనేవారు. అంతే."

చొక్కా చెయ్యి దించుకుని బయటికొచ్చాను. కార్‌లో మా అమ్మాయి, "నాన్నా, డల్‌గా ఉన్నావేంటి? బీపీ ఎక్కువొచ్చిందా?" అంటే అవునన్నాను.

ఆ పార్టీ ఇప్పుడు బాహాటంగానే ఎన్నికల్లో నిలబడుతోందట. గెలవదట, కానీ దాని జెండా కట్టుకున్నందుకు ఎవరినీ పట్టుకుపోరట. భయపడనవసరం లేని రోజులు అక్కడికి వచ్చాయి. క్షమించమని అడగడానికి ఆ భార్యాభర్తలిద్దరూ లేరు. ఎదురుపడిన ఈ కూతురికి చెప్పే ధైర్యం మాత్రం నాకింకా రాలేదు.