గోడ మీది తొమ్మిది అంకెలు

నేను అక్షరాలు నేర్చుకుంది యాభై దాటాక. మా ఊళ్లో ఆడవాళ్ల చదువు తరగతి, కొళాయి నీళ్లు రెండూ సాయంత్రం ఒకే వేళకు. అందుకే మా ఆయన మొదటినుంచీ సణిగేవాడు.

తరగతిలో నాకు అక్షరాలకన్నా లెక్కలే రుచించాయి. రెండుతో శేషం లేకుండా పోయేవి సరి సంఖ్యలనీ, పోనివి బేసి సంఖ్యలనీ, ఒకటితో, తనతో తప్ప ఇంక దేనితోనూ పోనివి ప్రధాన సంఖ్యలనీ టీచరమ్మ చెప్పింది. ఆ చివరివాటి గురించి వినగానే నాకు మా ఆయన గుర్తొచ్చాడు.

ఇంకో రోజు ఒక కిటుకు నేర్పింది. ఎంత పెద్ద సంఖ్యయినా సరే, అందులోని అంకెలన్నీ కూడాలి. ఆ మొత్తం మూడుతో పోతే సంఖ్య కూడా పోతుంది. వేరుశనగ గింజలు పెట్టుకుని ఒకటి నుంచి తొమ్మిది దాకా కూడాం. నలభై ఐదు. గింజలు తినేసి ఇళ్లకు వచ్చాం.

మర్నాడు నేను పలక తీసేసరికి మా ఆయన బిందె తెచ్చి ముందు పెట్టాడు.

"సదివింది సాలు. నీళ్లు ఎవురు పట్టాల?"

"సరే, పందెం. ఎంత పెద్ద సంఖ్యయినా రాయి. మూడుతో పోతాదో లేదో భాగించకుండా చెప్తా. తప్పితే తరగతి మానేస్తా. చెప్తే కొళాయి కాడికి నువ్వు పో."

ఆయన ఐదు చదివినాయన. బొగ్గు తీసుకుని గోడ మీద ఒక్కో అంకె రాస్తూ, మధ్యమధ్య నా మొహం చూస్తూ పూర్తి చేశాడు: 58,21,74,963.

"సున్నా పెట్టలే. ఒక్క అంకె గూడా రెండోసారి రాయలే. ఇప్పుడు జెప్పు!"

నాకు నవ్వాగక కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఒకటి నుంచి తొమ్మిది దాకా అన్నీ ఉన్నాయి, అవి నిన్న మేం తిన్న నలభై ఐదు గింజలే కదా! వెంటనే చెబితే మజా ఏముంది? కళ్లు మూసుకున్నాను, పెదాలు కదిలించాను, వేళ్లు మడిచాను.

"పోతాది."

ఫోన్లో కొట్టి చూసుకున్నాడు. పోయింది.

"బేసి సంఖ్య గాబట్టి పోయినాది. ఉండు!" అని అరచేత్తో రెండంకెలు తుడిచి, రెండునూ మూడునూ తారుమారు చేశాడు: 58,31,74,962. "ఇప్పుడు సరి సంఖ్య. ఎట్ల పోతాదో చూస్తా."

రెండుకైతే చివరి అంకె చూస్తే చాలు. మూడుకూ అంతే అనుకున్నాడు పాపం. అంకెలు చోట్లు మారాయి గానీ మొత్తం మారలేదు.

"ఇదీ పోతాది. కొట్టుకో."

ఈసారి రెండుసార్లు కొట్టి చూసి, బిందె ఎత్తుకున్నాడు.

తరగతి కిటికీలోంచి కొళాయి కనబడుతుంది. వరసలో ఉన్న ఆడవాళ్లు ఆయన్ని వదల్లేదు.

"ఏమన్నా, వదినకు కాళ్లు నొస్తాండాయా?"

"కాళ్లు బాగుండాయమ్మా. తలకాయే ఎక్కువ పని చేస్తాంది."

ఇప్పటికీ నీళ్లు తెచ్చి దించగానే గోడ మీది అంకెల్ని కలగాపులగం చేసి, "ఇది పోతాదా?" అంటాడు. నేను కళ్లు మూసుకుని వేళ్లు మడుస్తాను. కిటుకు మాత్రం చెప్పను. ముందు తరగతి చివర నా పరీక్ష అయిపోనీ.