నీళ్లు పడ్డ తర్వాత

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏది అడిగినా పెద్దవాళ్ల దగ్గర ఒకటే జవాబు ఉండేది: నీళ్లు పడనీ. కొత్త పరికిణీ అడిగితే నీళ్లు పడనీ, జాతరకు పోదామంటే నీళ్లు పడనీ. తెలకపల్లి దిక్కు ఎర్రచెలకలు మావి. వాన వస్తే పల్లి పండేది, రాకపోతే దుమ్ము లేచేది. పాత మోటబావి నేను పుట్టకముందే ఎండిపోయిందట. నాయన ఒకసారి బోరు వేయిస్తే తెల్లటి పొడి లేచి ఆయన మీసాలు నెరిసినట్టు అయ్యాయి తప్ప చుక్క నీరు రాలేదు. అయినా ఆశ చంపుకునే మనిషి కాదాయన.

నాకు పరికిణీ మీద, జాతర మీద అంత యావ లేదు. నాకు కావలసిందల్లా మా అమ్మ నవ్వడం. అమ్మ అందరి అమ్మల్లాగే వండేది, కలుపు తీసేది, నా తల దువ్వి జడ వేసేది. కానీ చేతిలో పని లేకపోతే చాలు, గోడకు ఆనుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎటో చూస్తూ కూర్చునేది. ఏడ్చేది కాదు. ఏడిస్తే ఊరుకోబెట్టవచ్చు, అది నాకు చేతనవును. పిలిస్తే ఎక్కడో దూరాన్నుంచి నడిచి వచ్చినట్టు ఆలస్యంగా పలికేది. అమ్మకేమైందని నేను మా అవ్వను సతాయించేదాన్ని. "నీళ్లు లేక బిడ్డా, ఇంకేంది? బోరుల నీళ్లు పడనీ, మీ అమ్మ ఎట్ల నవ్వుతదో సూడు" అనేది అవ్వ. నేను నమ్మాను. నాయనా నమ్మాడు. అమ్మ కూడా నమ్మిందని నాకు తర్వాత తెలిసింది.

నేను మూడో తరగతిలో ఉండగా నాయన రెండోసారి బోరు బండిని పిలిపించాడు. నీళ్ల జాడ కోసం అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చెలకంతా తిరిగిన ఒక పెద్దమనిషి, కాయ లేచి నిలబడ్డచోట రాయి పెట్టించాడు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా దుమ్మే. అవ్వ గుర్తొచ్చిన ప్రతి దేవుడికీ దండం పెడుతూనే ఉంది. ఉన్నట్టుండి బండి చప్పుడు మారింది. తడిమట్టి ఎగిరింది, దాని వెనకాలే నీళ్లు తాటిచెట్టంత లేచాయి. ముసలివాళ్లూ పిల్లలూ అని లేదు, ఊరంతా ఆ నీళ్ల కింద చేరి గంతులేశారు. అందరూ నీళ్లను చూస్తుంటే నేను అమ్మను చూశాను. మొహం నిండా బురదతో, పొట్ట పట్టుకుని, పెద్దగా నవ్వుతోంది. కింది వరుసలో అమ్మకు ఒక పన్ను వంకరగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. నా సంతోషానికి నాకే ఏడుపొచ్చింది.

నీళ్లు మా బతుకు మార్చలేదని నేను అనను. కడుపు నిండినవాళ్లు డబ్బుదేముంది అని తేలిగ్గా మాట్లాడుతుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. నీళ్లు పడ్డాక మా తమ్ముడి దగ్గుకు పట్నం దవాఖానలో మందు దొరికింది. కారే కప్పు పోయి ఇంటి మీద స్లాబు పడింది. జొన్న గటక తాగిన ఇంట్లో రోజూ వరి అన్నం ఉడికింది. మొదట్లో ఆ అన్నం వాసనకే మేమిద్దరం పొయ్యి దగ్గర కాపలా కూర్చునేవాళ్లం. కొన్నాళ్లు పోయాక మేమే "మల్ల అన్నమేనా, జొన్నరొట్టె చెయ్యరాదూ" అని గునిశాం.

అమ్మ నవ్వు కూడా అలాగే అయింది. నాట్లు వేసేదాకా ఉంది, కోతల నాటికి పలచబడింది. రెండో పంట ఇంటికి చేరేసరికి అమ్మ మళ్లీ గోడ దగ్గర కూర్చుంది. ఈసారి ఆ గోడకు సున్నం వేసి ఉంది, అంతే తేడా. నాయనకు ఏం పాలుపోలేదు. గద్వాల పోయి పట్టు అంచు చీర తెచ్చాడు. అమ్మ కట్టుకుంది, బాగుందంది, మడిచి పెట్టెలో పెట్టింది. దిష్టి తీయించారు, తాయెత్తు కట్టించారు. ఇంటికి వచ్చిన ప్రతి ఆడమనిషీ అమ్మ ముందు కూర్చుని "ఇంకేం తక్కువ నీకు?" అని అడిగేది. నీళ్లు లేని రోజుల్లో అమ్మను చూసి అయ్యో అన్నవాళ్లే, ఇప్పుడు కళ్లు నెత్తికెక్కాయని చాటున అనుకున్నారు. నాయన కూడా ఒకటి రెండుసార్లు గట్టిగా అడిగాడు. అది కోపం కాదు, భయం. నాకూ ఆ భయమే పట్టుకుంది. నీళ్లతో పోనిది ఇక దేనితో పోతుంది?

మా పక్కింటి అక్క గురించి చెప్పాలి. ఆమెను లింగాల అనే ఊరికి ఇచ్చారు. పెళ్లయిన కొద్దికాలానికే భర్త పోతే పుట్టింటికి తిరిగి వచ్చేసింది. ఆమెకు ఏడ్చే హక్కు ఉందని ఊరంతా ఒప్పుకుంది. ఆమె కూడా ఏడ్చినన్నాళ్లు ఏడ్చింది, ఏడాది తిరిగేసరికి మళ్లీ గలగలా నవ్వుతూ గడ్డి కోసుకు వచ్చేది. అదీ ఊరికి నచ్చలేదనుకోండి. ఎవరు ఎప్పుడు ఎంత ఏడవాలో చెప్పడానికి మా ఊళ్లో మనుషులకు కొదవ లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ ఇంట్లో కనిపించలేదు. వెతుక్కుంటూ చెలకకు పోయాను. ఎండిన మోటబావి గట్టు మీద, కాళ్లు లోపలికి వేలాడేసి కూర్చుని ఉంది. పిలిస్తే పలకలేదు. నేను అక్కడే నిలబడిపోయాను. అప్పుడే గడ్డిమోపుతో పొలం గట్టు వెంట వస్తున్న పక్కింటి అక్క మమ్మల్ని చూసింది. మోపు చప్పుడు కాకుండా దించింది. గబుక్కున లాగుతుందనుకున్నాను, లే అని అరుస్తుందనుకున్నాను. ఆమె మెల్లగా వచ్చి అమ్మ పక్కనే ఆనుకుని కూర్చుని, అమ్మ నడుం చుట్టూ ఒక చెయ్యి వేసింది. ఇంకో పక్కన కూర్చోమని నాకు కళ్లతోనే సైగ చేసింది. తర్వాత అమ్మ కొంగుకు అంటుకున్న ఉత్తరేణి గింజలను ఒక్కొక్కటే ఏరి పారేస్తూ ఉండిపోయింది. ఏమైందని అడగలేదు.

చాలాసేపటికి అమ్మే మాట్లాడింది. "నీళ్లు లేనప్పుడు, నీళ్లు లేక గిట్లున్న అనుకుంటుంటి. పడ్డయి. ఆ దినం నవ్విన, అది దొంగ నవ్వు కాదే. ఇగ పోయిందనుకున్న. మల్ల వచ్చె. ఇప్పుడు దేని కోసం ఎదురుచూడాలె, నువ్వే చెప్పు."

అంత పెద్ద మాట మా అమ్మ నోట నేను అంతకుముందు వినలేదు. అక్క అమ్మ కొంగు మీది ఇంకో గింజ తీసి, "నాకు తెల్వదు చిన్నమ్మా" అంది. "తెల్వకుంటే ఏమాయె. జరసేపు గిట్లనే కూసుందాం."

అలాగే కూర్చున్నాం. అమ్మ చెయ్యి నా ఒళ్లోకి ఎప్పుడు వచ్చిందో గుర్తులేదు. ఎండ చల్లబడ్డాక, పిల్లకు ఆకలవుతుండొచ్చు అంటూ అమ్మే లేచింది. మర్నాడు నాయన ఆ బావి చుట్టూ ముళ్లకంప వేశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఏం తక్కువ అన్న మాట కూడా ఆ తర్వాత ఆయన నోట రాలేదు. పక్కింటి అక్క మధ్యాహ్నాలు తన పని తెచ్చుకుని మా ఇంట్లో చేసుకునేది.

అమ్మ మారిపోయిందని చెప్పలేను. చాలాకాలం బతికింది. మంచి రోజులు కొన్ని, గోడ దగ్గరి రోజులు కొన్ని. దానికి పేరు ఉందనీ మందు ఉందనీ ఆ రోజుల్లో మాకెవరికీ తెలియదు.

నాకు తెలుసు, ఎందుకంటే నిరుడు అది నా దగ్గరికీ వచ్చింది. నాగర్‌కర్నూల్‌లో సొంతిల్లు, చేతికందిన పిల్లలు, ఏ లోటూ లేదు. డాక్టరమ్మ రాసిచ్చిన మాత్రలు వేళకు వేసుకుంటున్నాను, జర నయమే. అది వచ్చినందుకు బాధపడ్డాను గానీ, కారణం దొరకలేదని మాత్రం మా అమ్మలా హడలిపోలేదు. మొన్న మా పెద్దవాడు ఎదురుగా నిలబడి, "ఏం కావాలెనో చెప్పమ్మా, ఎంతైనా సరే తెస్త" అన్నాడు. పాపం, అచ్చం వాళ్ల తాతే. "ఏం వద్దు బిడ్డా, జర పక్కన కూసో" అన్నాను. కూర్చున్నాడు. ఏం మాట్లాడాలో తెలియక ఫోను తీశాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. వాడికి ఏం అర్థమైందో నాకు తెలియదు. చీకటి పడి లోపలి నుంచి అన్నానికి పిలిచేదాకా వాడు లేవలేదు.